అణుముద్రిత పాలిమర్ల రసాయన సెన్సార్లు: పీణ్య క్రోమియం గీటురాయిపై ఒక సమీక్ష

ఒక నిర్దిష్ట అణువును గుర్తుపట్టి పట్టుకునేలా, ఆ అణువు సమక్షంలోనే తయారుచేసిన పాలిమర్‌ను అణుముద్రిత పాలిమర్ అంటారు. పట్టుకోవలసిన అణువును మూసగా పెట్టి, దాని చుట్టూ మోనోమర్లను చేర్చి, వాటిని ఒకదానితో ఒకటి గట్టిగా ముడివేసి, చివరకు మూసను కడిగి తీసేస్తారు. పంచలోహ విగ్రహాల పోతలో మైనం కరిగిపోయాక మట్టి అచ్చులో విగ్రహమంత ఖాళీ మిగిలినట్టు, పాలిమర్‌లో ఆ అణువుకు సరిపడే ఖాళీలు మిగులుతాయి. అణువు ఆకారం ఒక్కటే కాదు, దాని రసాయన సమూహాలు ఏ దిక్కున ఉన్నాయో కూడా ఆ ఖాళీలో నమోదై ఉంటుంది. ఈ పాలిమర్‌ను ఎలక్ట్రోడ్ మీదో, కంపించే స్ఫటికం మీదో, కాంతిని వెలువరించే కణం మీదో పూస్తే అది రసాయన సెన్సార్ అవుతుంది.

ప్రకృతిలో ఈ గుర్తింపు పనిని ప్రతిదేహాలు, ఎంజైములు చేస్తాయి. అవి ప్రోటీన్లు కనుక ఆమ్లంలో, వేడిలో, కర్బన ద్రావణుల్లో చెడిపోతాయి. లోహ అయాన్ల వంటి చిన్న లక్ష్యాలకు ప్రతిదేహాలు తయారుచేయడం కష్టం. అణుముద్రిత పాలిమర్ గది ఉష్ణోగ్రత వద్ద చాలాకాలం నిలవ ఉంటుంది, ఆమ్లాన్ని తట్టుకుంటుంది, మామూలు రసాయన ప్రయోగశాలలోనే తయారవుతుంది. పరిశోధన పత్రాల్లో దశాబ్దాలుగా కనిపిస్తున్న ఈ సుగుణాలు మురుగుకాలువ నీటిలోనూ, బోరుబావి నీటిలోనూ నిలుస్తాయా అన్నది అసలు ప్రశ్న. బెంగళూరు వాయవ్యాన తుమకూరు రోడ్డు వెంట ఉన్న పీణ్య పారిశ్రామికవాడ, అక్కడి క్రోమియం కాలుష్యం ఈ ప్రశ్నకు తగిన గీటురాయి.

చరిత్ర

ముద్రణ ఆలోచన పాలిమర్ల కంటే ముందు సిలికాలో మొదలైంది. 1931లో సోవియట్ రసాయన శాస్త్రవేత్త పొల్యకోవ్, బెంజీన్, టోలుయిన్ వంటి పదార్థాల సమక్షంలో ఆరబెట్టిన సిలికా జెల్ ఆ పదార్థాలనే ఎక్కువగా పీల్చుకుంటుందని గమనించాడు. ప్రతిదేహాలు ఎలా ఏర్పడతాయన్న దానిపై లైనస్ పాలింగ్ 1940లో ఒక సిద్ధాంతం చెప్పాడు: ప్రోటీన్ గొలుసు శత్రు అణువు చుట్టూ ముడుచుకుని దాని రూపాన్ని అచ్చుగా తీసుకుంటుందని దాని సారం. జీవశాస్త్రంలో ఆ సిద్ధాంతం నిలవలేదు కాని రసాయన శాస్త్రంలో ఫలించింది. పాలింగ్ శిష్యుడు ఫ్రాంక్ డికీ 1949లో మిథైల్ ఆరెంజ్ రంగును, దానికి దగ్గరి రంగులను మూసలుగా పెట్టి సిలికా తయారుచేశాడు. ప్రతి సిలికా తన మూస రంగునే మిగతావాటి కంటే బాగా పట్టుకుంది.

కర్బన పాలిమర్ల దశ 1972లో జర్మనీలో గుంటర్ వుల్ఫ్ బృందంతో మొదలైంది. వారు మూస అణువును మోనోమర్‌కు సమయోజనీయ బంధంతో కలిపి, పాలిమర్ ఏర్పడ్డాక ఆ బంధాన్ని తెంపి మూసను తీశారు. గ్లిసరిక్ ఆమ్లపు కుడి, ఎడమ రూపాలను ఆ పాలిమర్ వేరుచేయగలిగింది. 1981లో స్వీడన్‌లోని లుండ్‌లో అర్షాది, క్లౌస్ మోస్బాక్ ఇంకా సులువైన దారి చూపారు. హైడ్రోజన్ బంధాలు, విద్యుదాకర్షణ వంటి బలహీన శక్తులతోనే మూస, మోనోమర్లు ద్రావణంలో తమంత తాము అమరితే చాలు, వాటిని అలాగే బిగించవచ్చన్నది ఆ పద్ధతి. నేటి పరిశోధనలో ఎక్కువ భాగం దీని మీదే నడుస్తోంది.

1993లో మోస్బాక్ బృందం ‘నేచర్’ పత్రికలో ప్రచురించిన ఫలితం ఈ రంగాన్ని అందరి దృష్టికీ తెచ్చింది. ఉబ్బసపు మందు థియోఫిలిన్‌కు ముద్రించిన పాలిమర్, కెఫీన్‌ను దాదాపు పట్టించుకోలేదు. ఈ రెండు అణువులకూ తేడా ఒక్క మిథైల్ సమూహమే. రోగుల రక్తరసంలో మందు మోతాదును కొలిచే పనిలో ఆ పాలిమర్ ప్రతిదేహాలకు సాటిగా నిలిచింది. 1995లో మార్ఫిన్‌కు విద్యుత్ రసాయన సెన్సార్, 1999లో స్ఫటికం మీద విద్యుత్తుతో పెంచిన పొరతో గ్లూకోజ్ సెన్సార్ వచ్చాయి.

తయారీ

సాధారణ వంటకంలో ఐదు దినుసులుంటాయి. మొదటిది మూస అణువు. రెండవది దానితో చేతులు కలిపే క్రియాశీల మోనోమర్. ఆమ్లంగానూ, హైడ్రోజన్ బంధంలో దాతగానూ, గ్రహీతగానూ పనిచేయగల మెథాక్రిలిక్ ఆమ్లం ఎక్కువగా వాడుకలో ఉంది. ఆమ్లగుణం గల లక్ష్యాలకు వినైల్ పిరిడీన్ నప్పుతుంది. మూడవది గొలుసులను ముడివేసే క్రాస్‌లింకర్. ఇథిలీన్ గ్లైకాల్ డైమెథాక్రిలేట్ ఇందుకు ప్రసిద్ధం. నాలుగవది ద్రావణి. ఇది దినుసులను కరిగించడంతో పాటు పాలిమర్‌లో రంధ్రాలు ఏర్పరుస్తుంది. ఐదవది చర్యను మొదలుపెట్టే ప్రారంభకం. మూస ఒక పాలు, మోనోమర్ నాలుగు పాళ్లు, క్రాస్‌లింకర్ ఇరవై పాళ్లు అన్నది తరచు కనిపించే నిష్పత్తి. క్రాస్‌లింకర్ అంత ఎక్కువగా లేకపోతే మూసను తీశాక ఖాళీ కుంగిపోతుంది.

తొలినాళ్లలో పాలిమర్‌ను గడ్డగా తయారుచేసి, నూరి, జల్లెడ పట్టేవారు. అలా నూరితే కొన్ని ఖాళీలు నలిగిపోతాయి. మిగిలినవి గడ్డ లోతుల్లో ఉండిపోవడంతో అణువులు లోపలికి వెళ్లి రావడానికి గంటలు పడుతుంది. సెన్సార్‌కు అంత ఆలస్యం పనికిరాదు. అందుకే తర్వాతి పద్ధతులన్నీ ఖాళీలను పైపొరకు తేవడానికే ప్రయత్నించాయి. ఉపరితల ముద్రణలో సిలికా కణం, అయస్కాంత కణం లేదా కర్బన నానోగొట్టం మీద పలుచని పొరగా పాలిమర్‌ను పెంచుతారు. విద్యుత్ పాలిమరీకరణంలో పైరోల్ వంటి మోనోమర్‌ను, మూసను కలిపిన ద్రావణంలో ఎలక్ట్రోడ్‌ను ముంచి విద్యుత్తు ఇస్తారు. పొర నేరుగా ఎలక్ట్రోడ్ మీదే పెరుగుతుంది, దాని మందం ప్రవహించిన విద్యుదావేశాన్ని బట్టి అదుపులో ఉంటుంది. ఒకే రకం సెన్సార్లను వందలుగా తయారుచేయడానికి ఈ పద్ధతి అనువైనది.

ఘనాధార పద్ధతి ఇటీవలి మంచి మలుపు. బ్రిటన్‌లో సెర్గీ పిలెట్‌స్కీ బృందం 2010ల దశకంలో దీన్ని అభివృద్ధి చేసింది. మూస అణువులను గాజుపూసలకు అంటించి, వాటి చుట్టూ నానోకణాలను పెంచుతారు. మొదట చల్లటి ద్రావణితో కడిగితే బలహీనంగా అంటుకున్న కణాలు పోతాయి. తర్వాత వేడి ద్రావణితో కడిగితే గట్టిగా పట్టున్న కణాలు మాత్రమే విడివడి వస్తాయి. మూస గాజుపూస మీదే ఉండిపోతుంది కనుక తిరిగి వాడుకోవచ్చు, తయారైన కణాల్లో దాని మలినం మిగలదు. ఖాళీలన్నీ ఒకే తీరుగా ఉండకపోవడం, మూస పూర్తిగా పోకపోవడం అనే రెండు పాత జబ్బులకు ఇది ఒకేసారి మందు వేసింది.

ఏ పద్ధతిలోనైనా తప్పనిసరిగా ఉండవలసింది మూస లేకుండా అదే వంటకంతో చేసిన ముద్రలేని పాలిమర్. ముద్రించినది ఎంత పట్టింది, ముద్రలేనిది ఎంత పట్టింది అన్న నిష్పత్తిని ముద్రణ గుణకం అంటారు. ఈ పోలిక లేని ఫలితం మామూలు అధిశోషణాన్ని ముద్రణగా చూపే ప్రమాదం ఉంది.

అయాన్ ముద్రణ

లోహ అయాన్లకు ఇదే సూత్రాన్ని 1976లో జపాన్‌లో నిషిదె, త్సుచిద బృందం అన్వయించింది. లోహ అయాన్ సమక్షంలో వినైల్ పిరిడీన్ పాలిమర్ గొలుసులను ముడివేస్తే, అది ఆ లోహాన్నే ఎక్కువగా పట్టుకుంది. ఇక్కడ ఖాళీ ఆకారం కంటే అయాన్ పరిమాణం, ఆవేశం, దాని చుట్టూ దాతృ పరమాణువులు అమరే జ్యామితి ముఖ్యం.

ఈ శాఖలో భారతీయ పరిశోధనకు గట్టి స్థానం ఉంది. తిరువనంతపురంలోని ప్రాంతీయ పరిశోధనశాలలో టి. ప్రసాదరావు బృందం యురేనియం, విరళ మృత్తికా లోహాలకు అయాన్‌ముద్రిత పాలిమర్లను తయారుచేసి, వాటిని అయాన్ వరణ ఎలక్ట్రోడ్లుగా మలిచింది. లోహ అయాన్ ముద్రణపై 2004లో, 2006లో ఆ బృందం రాసిన సమీక్షలను ప్రపంచమంతటా ఉదహరిస్తారు. కడప జిల్లా తుమ్మలపల్లెలో యురేనియం తవ్వకం సాగుతున్న నేపథ్యంలో నీటిలో యురేనియాన్ని పట్టే ఎలక్ట్రోడ్ తెలుగు నేలకు దూరపు విషయం కాదు. బనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో భీమ్ బలి ప్రసాద్ బృందం పెన్సిల్ గ్రాఫైట్ కడ్డీల మీద అణుముద్రిత పొరలతో చవకైన సెన్సార్ల వరుసనే రూపొందించింది.

గుర్తింపు నుంచి సంకేతం దాకా

పాలిమర్ అణువును పట్టుకుంటే సరిపోదు, పట్టుకున్న సంగతి బయటికి తెలియాలి. అందుకు ప్రధానంగా మూడు దారులున్నాయి.

మొదటిది బరువు. క్వార్ట్‌జ్ స్ఫటికం మీద పదార్థం చేరితే దాని కంపన పౌనఃపున్యం తగ్గుతుంది. ఈ సంబంధాన్ని 1959లో సౌవర్‌బ్రై సూత్రీకరించాడు. 5 మెగాహెర్ట్‌జ్ స్ఫటికంలో ఒక హెర్ట్‌జ్ మార్పు చదరపు సెంటీమీటరుకు సుమారు 17.7 నానోగ్రాముల బరువుకు సమానం. పెద్ద అణువులకు ఇది బాగా పనిచేస్తుంది. క్రోమేట్ (నీటిలో కరిగే క్రోమియం రూపం) వంటి తేలికైన అయాన్‌కు, అదీ నీటి స్నిగ్ధత మారుతుండే మురుగులో, ఈ దారి అంత నమ్మదగినది కాదు.

రెండవది కాంతి. పాలిమర్‌లో ప్రతిదీప్తినిచ్చే రంగునో, క్వాంటం చుక్కలనో ఇమిడిస్తే, లక్ష్యం వచ్చి చేరినప్పుడు వెలుగు పెరుగుతుంది లేదా తగ్గుతుంది. దీనికి చేతిలో పట్టుకునే సాధనం చాలు. కాని రంగున్న, మడ్డిగా ఉన్న నీరు కాంతిని మింగేస్తుంది. క్రోమేట్‌కే పసుపు రంగు ఉండడంతో అది ఖాళీలో చేరకుండానే వెలుగును తగ్గించగలదు. కనుక వెలుగు తగ్గడాన్ని గుర్తింపుగా చూపే పత్రాలను జాగ్రత్తగా చదవాలి.

మూడవది విద్యుత్తు. లక్ష్యం ఎలక్ట్రోడ్ మీద ఎలక్ట్రాన్లు తీసుకునేదో ఇచ్చేదో అయితే నేరుగా విద్యుత్ ప్రవాహాన్ని కొలవవచ్చు. కాకపోతే పొటెన్షియల్‌నో, పొర అవరోధాన్నో కొలుస్తారు. పరికరం చిన్నది, మడ్డినీటికి వెరవదు, అచ్చువేసిన ఎలక్ట్రోడ్లు వాడి పారేయవచ్చు. క్షేత్రంలో పనికివచ్చే అవకాశం ఈ మూడింటిలో దీనికే ఎక్కువ.

పీణ్య సమస్య

1970ల దశకంలో రూపుదిద్దుకున్న పీణ్య, చిన్నతరహా పరిశ్రమలకు ఆసియాలోని పెద్ద వాడల్లో ఒకటిగా ఎదిగింది. యంత్ర పరికరాలు, విడిభాగాలు, దుస్తులు, మందుల యూనిట్లతో పాటు ఎలక్ట్రోప్లేటింగ్ షాపులు అక్కడ విస్తారంగా ఉన్నాయి. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2009లో 88 పారిశ్రామిక ప్రాంతాలకు సమగ్ర కాలుష్య సూచిక లెక్కకట్టినప్పుడు పీణ్య తీవ్ర కాలుష్య ప్రాంతాల జాబితాలో చేరింది. భూగర్భజల అధ్యయనాలు అక్కడి బోరుబావుల్లో క్రోమియం, నైట్రేట్ హద్దులు దాటిన సంగతిని పలుమార్లు నమోదుచేశాయి. పీణ్య నుంచి దిగే మురుగులో కొంత వృషభావతిలోకి, అక్కడి నుంచి అర్కావతి మీదుగా కావేరిలోకి చేరుతుంది.

క్రోమ్ ప్లేటింగ్ తొట్టిలో లీటరుకు సుమారు 250 గ్రాముల క్రోమిక్ ఆమ్లం, దానిలో నూరోవంతు గంధకామ్లం ఉంటాయి. ఆ 250 గ్రాముల్లో క్రోమియం 130 గ్రాములు. తాగునీటిలో మొత్తం క్రోమియం లీటరుకు 0.05 మిల్లీగ్రాములు మించరాదని భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 చెబుతోంది. లెక్క వేస్తే తొట్టిలోని ఒక్క లీటరు ద్రావణం 26 లక్షల లీటర్ల మంచినీటిని హద్దు దాకా తీసుకుపోగలదు. పూత పూసిన భాగాన్ని తొట్టి నుంచి తీసి కడిగే ప్రతిసారీ దానికి అంటిన ద్రావణం కొంత కడుగునీటిలోకి పోతుంది. రాతినేలలో ఒకసారి ఇంకితే అది పగుళ్ల వెంట పాకుతుంది, ఎటు తేలుతుందో చెప్పడం కష్టం.

క్రోమియం ఏ రూపంలో ఉందన్నదే ఇక్కడ కీలకం. మూడు సంయోజకత గల క్రోమియం నీటిలో సులభంగా అవక్షేపమవుతుంది, విషగుణం తక్కువ. ఆరు సంయోజకత గలది క్రోమేట్‌గా నీటిలో కరిగి దూరం ప్రయాణిస్తుంది. దాని ఆవిరి తుంపరలు పీల్చినవారికి ఊపిరితిత్తుల క్యాన్సర్ వస్తుందని రుజువైంది. ప్లేటింగ్ కార్మికుల చేతులపై పుండ్లకు, ముక్కులోని గోడకు చిల్లు పడడానికి కారణం ఇదే. అందుకే బయటి నీటివనరుల్లోకి వదిలే వ్యర్థజలంలో మొత్తం క్రోమియం లీటరుకు 2 మిల్లీగ్రాముల దాకా అనుమతించిన చట్టం, ఆరు సంయోజకత గల దాన్ని 0.1 మిల్లీగ్రాము దగ్గర ఆపింది.

శుద్ధి పద్ధతి తెలిసిందే. పీహెచ్‌ను 2, 3 మధ్యకు దించి సోడియం మెటాబైసల్ఫైట్ వేస్తే క్రోమేట్ క్షయకరణం చెంది మూడు సంయోజకతకు దిగుతుంది. తర్వాత సున్నం వేసి పీహెచ్‌ను 8, 9 మధ్యకు పెంచితే హైడ్రాక్సైడ్ బురదగా అడుగుకు చేరుతుంది. మార్పిడి పూర్తయిందా లేదా అని ఓఆర్‌పీ మీటర్ చూసి అంచనా వేస్తారు. ఆ మీటర్ నీటి మొత్తం ఆక్సీకరణ స్వభావాన్ని చెబుతుంది, క్రోమియం ఎంత మిగిలిందో చెప్పదు. ఖచ్చితంగా తెలియాలంటే డైఫినైల్ కార్బజైడ్ కలిపి, ఎర్రటి ఊదా రంగును 540 నానోమీటర్ల దగ్గర కొలవాలి. 2014లో కేంద్ర మండలి నిరంతర పర్యవేక్షణ పరికరాలు పెట్టాలని ఆదేశించిన 17 రకాల పరిశ్రమల్లో ఎలక్ట్రోప్లేటింగ్ లేదు. చిన్న షాపుల్లో రసాయనవేత్త ఉండడు. నమూనా పట్టిన రోజుకూ ఫలితం వచ్చిన రోజుకూ మధ్య పారిన నీరు తిరిగిరాదు. చవకైన, అక్కడికక్కడే చదివే సెన్సార్ అవసరం ఈ ఖాళీలో ఉంది.

క్రోమేట్‌కు ముద్ర వేయడంలోని చిక్కులు

క్రోమేట్ ఋణావేశ అయాన్. కనుక ఖాళీ గోడలకు ధనావేశం ఉండాలి. ఆమ్లంలో ప్రోటాన్ తీసుకునే వినైల్ పిరిడీన్, లేదా ఎప్పుడూ ధనావేశంతో ఉండే చతుర్థక అమ్మోనియం మోనోమర్ ఇందుకు వాడతారు. మూసను తీయడానికి క్షారంతో కడుగుతారు. ఈ ధనావేశపు పొర వల్ల ప్లేటింగ్ నీటిలో పుష్కలంగా ఉండే నికెల్, రాగి, ఇనుము వంటి ధనావేశ అయాన్లు దూరంగా నెట్టబడతాయి. ఇది పెద్ద మేలు.

అసలు పోటీదారు సల్ఫేట్. అది కూడా క్రోమేట్ లాగే నాలుగు ఆక్సిజన్లతో చతుర్ముఖి ఆకారంలో, రెండు ఋణావేశాలతో, దాదాపు అదే పరిమాణంలో ఉంటుంది. పీణ్య వంటి చోట సల్ఫేట్ యాదృచ్ఛికంగా కలిసేది కాదు. ప్లేటింగ్ తొట్టిలో గంధకామ్లం ఉంది, శుద్ధికి వాడిన మెటాబైసల్ఫైట్ చివరకు సల్ఫేట్ అవుతుంది, పీహెచ్ దించడానికీ గంధకామ్లమే పోస్తారు. అంటే శుద్ధి ఎంత బాగా జరిగితే సెన్సార్ ముందు సల్ఫేట్ అంత ఎక్కువగా, క్రోమేట్ అంత తక్కువగా ఉంటుంది.

విద్యుత్ రసాయన సెన్సార్‌లో దీనికి సగం పరిష్కారం ఉంది. ఖాళీలో చేరిన క్రోమేట్ ఎలక్ట్రోడ్ మీద మూడు ఎలక్ట్రాన్లు తీసుకుని ప్రవాహాన్ని ఇస్తుంది. ఆ చర్య జరిగే పొటెన్షియల్ వద్ద సల్ఫేట్‌లో చలనం ఉండదు. పాలిమర్ ఎంపిక, పొటెన్షియల్ ఎంపిక రెండూ కలిసి తప్పుడు సంకేతాన్ని అడ్డుకుంటాయి. కాని సల్ఫేట్ ఖాళీలను ఆక్రమిస్తే నిజమైన క్రోమేట్‌కు చోటు దొరకదు. లేని విషాన్ని ఉందని చెప్పే తప్పు తప్పిపోయి, ఉన్న విషాన్ని లేదని చెప్పే తప్పు మిగులుతుంది. కాలుష్యాన్ని పట్టే పరికరానికి ఈ రెండవ తప్పే ప్రమాదకరం.

మరో మూడు చిక్కులున్నాయి. నీటి పీహెచ్ సుమారు 6.5 దాటితే క్రోమేట్ ఒక ఆవేశపు రూపం నుంచి రెండు ఆవేశాల రూపానికి మారుతుంది. ఒక రూపానికి ముద్రించిన ఖాళీ రెండవదానికి అంత బాగా సరిపోదు. కనుక నమూనా పీహెచ్‌ను ముందే స్థిరపరచాలి. రెండవది, క్రోమేట్ బలమైన ఆక్సీకారకం. ఆమ్లంలో అది పాలిమర్‌నే మెల్లగా తినగలదు. మూడవది, ప్లేటింగ్ షాపుల నూనెలు, సబ్బు పదార్థాలు, నికెల్ తొట్టి మెరుగు పదార్థాలు పొర రంధ్రాలను పూడ్చేస్తాయి.

సున్నితత్వం మాత్రం అడ్డంకి కాదు. లీటరుకు 0.05 మిల్లీగ్రాముల క్రోమియం అంటే లీటరుకు సుమారు ఒక మైక్రోమోల్. మంచి ఎలక్ట్రోడ్ అంతకంటే తక్కువను కూడా చదవగలదు. కనుక ఇంకా తక్కువ మోతాదును పట్టామని పోటీపడే పత్రాల కంటే, సల్ఫేట్ వెయ్యిరెట్లున్నప్పుడు అదే ఒక మైక్రోమోల్‌ను పట్టామని చూపే పత్రం పీణ్యకు ఎంతో ఉపయోగం.

పటాన్‌చెరు, రొయ్యల చెరువులు: కర్బన అణువుల వైపు

అయాన్ల కంటే పెద్ద కర్బన అణువులకు ముద్రణ సహజంగానే అనుకూలం. వాటికి పట్టుకోదగిన సమూహాలు ఎక్కువ. తెలుగు నేలపై ఇందుకు స్పష్టమైన ఉదాహరణ పటాన్‌చెరు. అక్కడి దాదాపు 90 మందుల కంపెనీల వ్యర్థజలాన్ని శుద్ధిచేసే ఉమ్మడి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉన్నట్టు స్వీడన్‌కు చెందిన లార్సన్ బృందం 2007లో ప్రచురించింది. మందులకు లొంగని సూక్ష్మజీవులు పుట్టడానికి అటువంటి నీరు అనువైన చోటు. సిప్రోఫ్లాక్సాసిన్ కుటుంబపు మందులన్నీ ఒకే చట్రంతో ఉండడం వల్ల ఒకదానికి ముద్రించిన పాలిమర్ మిగతావాటినీ కొంత పట్టుకుంటుంది. మొత్తం కుటుంబాన్ని జల్లెడ పట్టే సెన్సార్‌కు అది లోపం కాదు, గుణమే.

గోదావరి, కృష్ణా జిల్లాల రొయ్యల సాగులో మరో అవసరం ఉంది. క్లోరాంఫెనికాల్ అనే యాంటీబయాటిక్ అవశేషాలను కిలోకు 0.3 మైక్రోగ్రాముల దాకా ప్రయోగశాలలు పట్టగలగాలని యూరోపియన్ యూనియన్ 2003లో నిర్దేశించింది. ఇటువంటి అవశేషాలను నమూనా నుంచి వేరుచేసే అణుముద్రిత కార్ట్రిడ్జిలు ఇప్పటికే అమ్మకంలో ఉన్నాయి. వ్యాపారపరంగా ఈ పాలిమర్ల అసలు విజయం ఇంతవరకు సెన్సార్లలో కాదు, ఈ వడపోత కార్ట్రిడ్జిల్లోనే. కార్ట్రిడ్జి పట్టుకున్నదాన్ని తర్వాత ఖరీదైన పరికరం సరిచూస్తుంది. సెన్సార్ తన తీర్పును తానే చెప్పాలి. తేడా అక్కడుంది.

ఉమ్మడి లోపాలు

మొదటిది ఖాళీల అసమానత. ద్రావణంలో మూసతో పూర్తిగా అమరిన మోనోమర్లు కొన్నే. మిగతావి అటూఇటూ చెదిరి బలహీనమైన ఖాళీలను సృష్టిస్తాయి. తక్కువ మోతాదులో గట్టి ఖాళీలు, ఎక్కువ మోతాదులో బలహీన ఖాళీలు పనిచేయడంతో సెన్సార్ గీత వంకరపోతుంది. రెండవది మూస కారడం. లోపల మిగిలిన మూస మెల్లగా బయటికొచ్చి, లేని విషాన్ని చూపుతుంది. అసలు లక్ష్యానికి బదులు దాని పోలికలున్న మరో అణువును మూసగా వాడడం దీనికి ఒక ఉపాయం. మూడవది నీరు. మోనోమర్, మూసల మధ్య ఉండే హైడ్రోజన్ బంధాలను నీరు తానే ఆక్రమిస్తుంది. క్లోరోఫామ్‌లో మెరిసిన పాలిమర్ నీటిలో మామూలుదైపోవడం ఈ రంగంలో పాత అనుభవం. నాలుగవది పునరుత్పాదకత. ఒక బ్యాచ్ పొరకూ మరో బ్యాచ్ పొరకూ పోలిక తగినంత లేకపోతే ప్రతి సెన్సార్‌కూ విడిగా క్రమాంకనం చేయాల్సి వస్తుంది, అప్పుడు చవకదనం పోతుంది.

ఎక్కడ పనికొస్తుంది, ఎక్కడ రాదు

పీణ్యలో క్రోమియం సెన్సార్‌కు మూడు చోట్లున్నాయి, మూడింటి యోగ్యత ఒకటి కాదు. బోరుబావి నీటిలో నూనెలు, మెరుగు పదార్థాలు అంతగా ఉండవు, ఉప్పులు వ్యర్థజలంలో కంటే తక్కువ. ఇక్కడ ఒకరోజులో డజన్ల బావులను జల్లెడ పట్టి, అనుమానం ఉన్నవాటినే ప్రయోగశాలకు పంపే పని ఈ సెన్సార్ ముందుగా చేయగలదు. శుద్ధి తొట్టి చివరి దశలో ఓఆర్‌పీ మీటర్‌కు తోడుగా దీన్ని వాడవచ్చు. అయితే అక్కడ సల్ఫేట్ ఎక్కువ కనుక, నమూనాకు తెలిసినంత క్రోమేట్ కలిపి మళ్లీ కొలిచే పద్ధతి తప్పదు. బహిరంగ మురుగుకాలువలో నెలల తరబడి వదిలేసి నమ్మే స్థితికి ఈ సెన్సార్ ఇంకా రాలేదు.

ముద్రించిన ఎలక్ట్రోడ్, ముద్రలేని ఎలక్ట్రోడ్ రెండింటినీ పక్కపక్కనే పెట్టి, రెండింటి తేడాను చదివే జంట అమరిక ఈ మూడు చోట్లా మేలు. ఏ ఫలితమైనా అదే నీటిపై డైఫినైల్ కార్బజైడ్ పద్ధతితో సరిపోలిందని చూపాలి. స్వేదనజలంలో సాధించిన అంకెను నియంత్రణ మండళ్లు ప్రమాణంగా తీసుకోకూడదు.

పదార్థ శాస్త్రంగా అణుముద్రణ పరిణతి చెందింది. సెన్సార్‌గా అది ఇంకా పరీక్ష రాయాల్సి ఉంది, ఆ పరీక్ష కేంద్రం ప్రయోగశాల కాదు, పీణ్య బోరుబావులు, పటాన్‌చెరు కాలువలు. దేశంలోని పరిశోధన బృందాలు తమ తర్వాతి సెన్సార్‌ను ఆ నీటిలోనే, ఆ సల్ఫేట్ మధ్యే, ముద్రలేని పాలిమర్‌ను పక్కన పెట్టుకుని పరీక్షించి ఫలితం ఎలా వచ్చినా ప్రచురించాలి. అప్పటిదాకా ఈ సెన్సార్ ప్రయోగశాలకు ముందు నిలిచే జల్లెడగానే ఉండాలి, దాని బదులు కాకూడదు.